లెక్కలోంచి తీసేసిన పొగ

జూన్ పదకొండు, గురువారం. ఆ మధ్యాహ్నం బ్రైడీ మాడక్స్ తిన్నది సగం గిన్నె టమాటా సూపు, అంచులు గట్టిపడిన రొట్టె ముక్క. మిగతా సగం సూపు ఏమైందో మాత్రం ఆమెకు గుర్తు రావడం లేదు.

"పారబోశానేమో," అంది.

"ఎందుకు పారబోశావు? బాగోలేదా?"

"డబ్బా సూపు బాగోవడమేమిటి, బాగోకపోవడమేమిటి." ఆమె కళ్లజోడు తీసి స్వెట్టరు అంచుతో తుడుచుకుంది. "మెర్విన్ గారూ, మాల్కం పోయి మూడు వారాలైంది. మీరిక్కడికి రావడం ఇది నాలుగోసారి. వచ్చినప్పుడల్లా ఏం తిన్నావు, ఏం తిన్నావు. మా అమ్మ కూడా నన్నింతగా అడగదు."

సార్జెంట్ మెర్విన్ ట్రెలోర్ నొచ్చుకోలేదు. ఎన్నింటికి ఎక్కడున్నావని అడిగితే మనుషులు తడుముకుంటారు, లేదా అబద్ధమాడతారు. తిండి సంగతి అడిగితే ఆ పూటంతా దాని వెంటే నడిచి వస్తుంది. ఇది పోలీసు శిక్షణలో నేర్చుకున్నది కాదు. ఆరేళ్ల కిందట పోయిన ఆయన భార్య జూడిత్ నర్సు. రోగి మంచం పక్కన కూర్చుంటే ఆమె మొదటి ప్రశ్న అదే.

కాని ఇవాళ ఆ కిటుకూ పనిచేసేట్టు లేదు. ఈ కేసులో ఏదీ పనిచేయడం లేదు.

మెర్రివే పాయింట్ అనే ఈ గాలి పరిశీలన కేంద్రం టాస్మానియా పడమటి ఒడ్డున కొండకొమ్ము మీద ఉంది. సముద్రం మీంచి వచ్చే గాలిలోని ధూళిని ఫిల్టర్ల మీద పట్టి, అందులో ఏముందో కొలుస్తారు. రోజూ ఇక్కడ ఉండేది బ్రైడీ ఒక్కతే. ఆమె పై అధికారి డాక్టర్ కెంబర్ హోబార్ట్ నుంచి వచ్చిపోతుంటాడు. కేంద్రానికి కాపలాదారు మాల్కం టిజార్డ్, భూమి వైపు కూతవేటు దూరంలో చిన్న ఇంట్లో ఉండేవాడు. జూన్ పదకొండు రాత్రి ఆ ఇల్లు తగలబడింది. మాల్కం లోపలే పోయాడు.

పక్క పొలంలో ఆవుల్ని పెట్టుకున్న డేల్ పర్టన్ బండి ఆ సాయంత్రం ఆ ఇంటి ముందు ఆగి ఉండగా చూశానని కెంబర్ చెప్పాడు. కంచె గురించి డేల్‌కి మాల్కంతో గొడవలున్నాయని ఊళ్లో అందరూ చెప్పారు. అంతే, డేల్ ఊరి లాకప్‌లో ఉన్నాడు. రేపు పొద్దున హోబార్ట్ పంపిస్తే హత్యానేరం మోపుతారు. డేల్ చిన్నప్పటి నుంచీ మెర్విన్‌కు తెలుసు. కోపిష్టి. దూడ చచ్చిపోతే కొట్టం వెనక్కి వెళ్లి ఏడ్చే మనిషి కూడా. అది సాక్ష్యం కాదని మెర్విన్‌కూ తెలుసు.

బయట కంకర మీద టైర్ల చప్పుడైంది. తలుపు తట్టకుండానే ఇన్‌స్పెక్టర్ రాడ్నీ స్కల్లీ లోపలికొచ్చాడు. ఇరవై ఏళ్ల కిందట మెర్విన్ చేతికింద పని నేర్చుకున్నవాడు. ఇప్పుడు హోబార్ట్‌లో పెద్ద సీటు.

"ఏం మెర్వ్, మధ్యాహ్నం భోజనం దాకా వచ్చావా, ఇంకా పొద్దుటి టిఫిన్ దగ్గరే ఉన్నావా?"

"సూపు దగ్గరున్నాను."

"బావుంది. నేను నీకు తీపి తెచ్చాను." రాడ్నీ మడత పెట్టిన కాగితం బల్ల మీద పడేశాడు. "నువ్వు పట్టుబట్టి మెల్‌బోర్న్ లాబుకు పంపించావే, ఆ రాత్రి ఫిల్టర్లు. పొగ ఎప్పుడు మొదలైందో అవే చెబుతాయన్నావు. చెప్పాయి. చదువు."

మెర్విన్ చదివాడు. చదివింది అర్థం కాక మళ్లీ చదివాడు. ఆ వారం ఫిల్టర్లన్నిటికీ పొగ జాడ చెప్పాల్సిన సేంద్రియ నత్రజని అన్న చోట అంకె ముందు తీసివేత గుర్తు ఉంది. పక్కనే డాక్టర్ కెంబర్ రాసిన మాట: సున్నాగా తీసుకోవలెను.

"సున్నా కన్నా తక్కువ," అన్నాడు రాడ్నీ. "ఇరవై ఏళ్ల సర్వీసులో సాక్ష్యం లేని కేసులు చూశాను. సాక్ష్యం మనకే బాకీ పడ్డ కేసు చూడటం ఇదే మొదటిసారి."

"రాడ్నీ, డేల్ ఆ రోజు..."

"ఆ సాయంత్రం ఆ గుమ్మం ముందున్నాడు. తలుపు కూడా తట్టకుండా వెనక్కొచ్చేశానని తనే రాసిచ్చాడు. ఒకరి ఇంటిదాకా పోయి తలుపు తట్టకుండా వచ్చేవాడిని నువ్వెక్కడైనా చూశావా? మూడు వారాలుగా నీ మొహం చూసి ఆగాను. రేపు పొద్దున బండి వస్తుంది." గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "అన్నట్టు, నీ దగ్గర మందపాటి రగ్గు ఉంటే స్టేషన్‌కి పంపించు. ఆ గదిలో హీటరు పాడైంది. వాడు రాత్రంతా దగ్గుతున్నాడు."

ఈ ఒక్క మాట లేకపోతే రాడ్నీని అసహ్యించుకోవడం ఎంత తేలికయ్యేదో అనుకున్నాడు మెర్విన్.

బండి వెళ్లిపోయాక బ్రైడీ హీటరును కాలితో ఆయన వైపు జరిపింది. ఆ ముసలి మోకాళ్లను ఆమె ఎప్పుడు గమనించిందో.

"సున్నా కన్నా తక్కువ ఎలా ఉంటుందమ్మాయ్?" అడిగాడు. "ఉంటే ఉండాలి, లేకపోతే లేదు. లేనిదానికన్నా తక్కువేమిటి?"

"సేంద్రియ నత్రజనిని నేరుగా కొలవలేం. ఫిల్టరు మీదున్న మొత్తం నత్రజనిని కొలుస్తాం. అందులోంచి అమోనియా, నైట్రేటు ఉప్పుల్లో ఉన్నది తీసేస్తాం. మిగిలింది సేంద్రియం. చివరగా ఖాళీ ఫిల్టరుది కూడా తీసేస్తాం."

"ఖాళీదాంట్లో తీసెయ్యడానికేముంది?"

"ఏమీ ఉండకూడదు. కాని పెట్టేటప్పుడు, తీసేటప్పుడు, ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎంతో కొంత అంటుకుంటుంది. అందుకని విడతకి ఒక ఫిల్టరును పంపు నడపకుండా ఊరికే పెట్టి తీస్తాం. దాని మీద ఎంతుందో అదంతా మన మురికి అన్నమాట. ఆ మురికిని అన్ని ఫిల్టర్లలోంచీ తీసేస్తే నిజమైన గాలి మిగులుతుంది."

"అంటే ఆ విడత ఖాళీ ఫిల్టరు మురికిగా ఉంటే..."

"అన్నీ సున్నా కిందికి పోతాయి." ఆమె కాగితం మీదికి వంగింది. ముఖం ఎర్రబడింది. "నేను మురికి చెయ్యలేదు. గ్లౌజులు వేసుకున్నాను. ఎప్పుడూ వేసుకుంటాను. కెంబర్ గారు లాబు తప్పన్నారు. లాబువాళ్లు నా తప్పంటున్నారేమో."

"ఎవరి తప్పని నేనన్నానా? ఖాళీ ఫిల్టరు ఎప్పుడు పెట్టావు?"

"పంపు ఆగినప్పుడు." అలా అని ఆమె ఠక్కున తలెత్తింది. "సూపు. పంపు ఆగింది. అందుకే సూపు వదిలేసి మెట్లెక్కాను. తిరిగొచ్చేసరికి చల్లారిపోయింది, పారబోశాను."

మెర్విన్ ఊపిరి వదిలాడు. నాలుగు రాకపోకలకు దొరికిన మొదటి ముక్క. "పంపు ఎందుకాగింది? చెడిందా?"

"చెడలేదు. మాకు కావలసింది సముద్రపు గాలే. గాలి భూమి వైపు తిరిగితే పంపు దానంతటదే ఆగిపోతుంది. పొలాల ధూళి, పేడ వాసన, బండ్ల పొగ మాకక్కర్లేదు కదా. ఎలాగూ పని ఆగింది కాబట్టి ఖాళీ ఫిల్టర్లు అప్పుడే పెట్టుకుంటాం. ఇక్కడ మొదటి నుంచీ అదే పద్ధతి."

"పద, పైకెక్కుదాం."

పైన చెక్క మేడ మీద చేతి కమ్మీలు, నడుమన గొడుగులాంటి మూత కింద ఫిల్టరు బిగించే చోటు. మెర్విన్ భూమి వైపు తిరిగాడు. మాల్కం ఇంటి మసిబారిన పొగగొట్టం తిన్నగా ఎదురుగా ఉంది. మధ్యలో అడ్డం ఏమీ లేదు.

"ఆ రోజు ఎక్కడ నిలబడ్డావు?"

"ఇక్కడే. మూత తీసి, ఫిల్టరు బిగించి, మళ్లీ మూసి... ఒకటిన్నర, రెండు మధ్య. కంప్యూటర్లో గాలి లెక్క ఉంటుంది. నాలుగు దాకా భూమి గాలే వీచింది. గాలి తిరిగాక ఖాళీది తీసేసి అసలుది పెట్టాను."

"ఏమైనా వాసనొచ్చిందా?"

ఆమె కమ్మీ మీది ఉప్పు పేరుకున్న చోట గోరుతో గీరింది.

"పొగ వాసన వచ్చింది. ఘాటుగా. డేల్ మళ్లీ మేతమూటల ప్లాస్టిక్ తగలబెడుతున్నాడనుకుని తిట్టుకున్నాను. చలికాలమంతా ఇక్కడ అందరూ చేసే పనే. అందరికీ చెప్పీ చెప్పీ విసుగొచ్చింది."

"ఇన్నిసార్లు అడిగాను. ఒక్కసారైనా చెప్పలేదేం?"

"మీరు రాత్రి పొగ గురించి అడిగారు." ఆమె గొంతు సన్నబడింది. "భూమి గాలిలో వచ్చే పొగని మేం లెక్కపెట్టం మెర్విన్ గారూ. అది మా లెక్కలోది కాదు. చేరిన మొదటి రోజే చెప్పారు, అటు నుంచి వచ్చేదేదీ చూడొద్దని."

ఆయనకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆమె మీద కోపంతో కాదు. మూడు వారాలుగా తనూ ఆమెలాగే ఒకే వైపు చూస్తూ కూర్చున్నాడు.

కిందికి దిగి మెల్‌బోర్న్ లాబుకు ఫోన్ చేశాడు. రెండు సార్లు తెగిపోయింది. మూడోసారి యూనిస్ అనే ఆవిడ ఎత్తింది. పోలీసని చెప్పగానే ఆవిడే మొదలెట్టింది.

"ఆ ఖాళీ ఫిల్టరు గురించేనా? మా మెషీను మురికిదని కెంబర్ గారు నా మీద విరుచుకుపడ్డారు. పందొమ్మిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఒక్కరు మాటన్నది లేదు. ఒళ్లు మండి, ఆ నత్రజని ఏ పదార్థాల్లో ఉందో విడివిడిగా తీసి చూశాను."

"చేతి చెమటా?"

"చెమటైతే యూరియా, అమైనో ఆమ్లాలు కనబడాలి. అవి దాదాపు లేవు. ఉన్నవి వేరే రకం అమైన్లు. సోఫాల్లో, పరుపుల్లో వేసే ఫోమ్ మంట లేకుండా మెల్లగా కుమిలితే వచ్చేవి. మీవాళ్లు ఎవరి సోఫా కాల్చారండీ?"

మెర్విన్ రిసీవరు చేయి మార్చుకున్నాడు. "మేతమూటలకు చుట్టే ప్లాస్టిక్ కాలిస్తే ఇవి రావా?"

"రావు. ఆ ప్లాస్టిక్‌లో నత్రజనే ఉండదు. అది ఎంత కాల్చినా నల్లటి మసే. ఈ సంగతి కెంబర్ గారికి కిందటి వారమే చెప్పాను. నవ్వి ఫోన్ పెట్టేశారు."

సైంటిస్టుల కీచులాట, అనుకున్నాడు మెర్విన్. ఆయన మనసు అప్పటికే ఇంకోచోట ఉంది. మంట మాల్కం సోఫాలోనే పుట్టిందని అగ్నిమాపకవాళ్లు మొదటి రోజే తేల్చారు. రాత్రి మంట కనబడింది కాబట్టి రాత్రే అంటుకుందని అందరూ అనుకున్నారు. కాని ఆ సోఫా మధ్యాహ్నం నుంచే కుములుతోంది. తలుపులు మూసిన ఇంట్లో మాల్కం ఆ పొగ పీలుస్తూ ఉన్నాడు. ఆ మధ్యాహ్నం డేల్ పశువుల సంతలో ఉన్నాడు, ఊరు ఊరంతా చూసింది.

వెనక బ్రైడీ నిలబడి ఉంది. అంతా విన్నది.

"అంటే నేను ఫిల్టరు బిగిస్తున్నప్పుడు ఆయన..." ఆమె పై మేడ వైపు తలెత్తింది. "నాకు వాసన వచ్చింది కదా. వచ్చింది కదా."

"ప్రతి గురువారం మాల్కం డేల్‌తో సంతకి పోతాడు. ఇంట్లో ఉన్నాడని నీకెలా తెలుస్తుంది?" ఆ మాట ఆమెకు చాలదని ఆయనకు తెలుసు. అయినా అన్నాడు. "ఆ ఫిల్టరు నువ్వు ఆ పూట బిగించకపోతే ఇవాళ డేల్‌కి దిక్కు లేదు. అది గుర్తుపెట్టుకో."

ఆమె ముక్కు చీదుకుని ఫ్రీజర్ తెరిచింది. లాబుకు పంపేముందు ప్రతి ఫిల్టరులో సగం కత్తిరించి ఇక్కడే దాస్తారు. ఆ ఖాళీ ఫిల్టరు సగాన్ని వెండిరేకు పొట్లంతో సహా, మెర్విన్ బండిలోంచి తెచ్చిన ఐస్‌పెట్టెలో పెట్టి, పైన ఐసు ముక్కలు పోసింది.

"సాయంత్రం కెంబర్ గారొస్తున్నారు. ఈ విడత పొట్లాలన్నీ పట్టుకెళ్తారట, ఫ్రీజర్లో చోటు చాలడం లేదని. ఇది అడిగితే ఏం చెప్పను?"

"నేను తీసుకెళ్లానని చెప్పు," అన్నాడు మెర్విన్.

లాకప్ చేరేసరికి దీపాలు పెట్టే వేళైంది. రాడ్నీ విన్నాడు. మధ్యలో అడ్డుపడకుండా విన్నాడు, అదే ఆశ్చర్యం. విన్నాక కుర్చీ వెనక్కి వాల్చాడు.

"ఏమీ లేకుండా ఉండాల్సిన కాగితం మీద ఏదో ఉందని, దాన్నిబట్టి నా ముద్దాయిని వదిలెయ్యమంటావు."

"వదిలెయ్యమనలేదు. రేపు పంపించకు అంటున్నాను."

"కోర్టులో లాయరు అడుగుతాడు, ఆ ఫిల్టరు శుభ్రంగా ఉండాలి కదా, ఎందుకు లేదు అని. ఏం చెప్పమంటావు?"

"పక్కింట్లో మనిషి కాలుతున్నాడు కాబట్టి అని చెప్పు." మెర్విన్ గొంతు తనకు తెలియకుండానే పెరిగింది. పక్క గదిలో కానిస్టేబుల్ టైపు చేయడం ఆపేశాడు. "మూడు వారాలు రాడ్నీ. మూడు వారాలుగా నువ్వూ నేనూ ఆ కుర్రాణ్ణి సాయంత్రం ఏం చేశావు, సాయంత్రం ఏం చేశావు అని పీక్కుతిన్నాం. మధ్యాహ్నం సంగతి ఒక్కడైనా అడిగాడా? నువ్వు అడగలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుతాను. అడిగాక పంపిస్తావో మానతావో నీ ఇష్టం."

రాడ్నీ ఒకసారి ఐస్‌పెట్టె వైపు చూశాడు. తర్వాత లేచి తాళాలు తీసుకున్నాడు.

డేల్ మంచం మీద రగ్గు కప్పుకుని కూర్చున్నాడు. పక్కన ఫ్లాస్కు ఉంది. మూత మీద రాడ్నీ పేరు చెక్కి ఉంది. మెర్విన్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

"నా కుక్కకి తిండెవరు పెడుతున్నారు?" డేల్ మొదటి మాట అదే.

"కానిస్టేబుల్ భార్య. నీకన్నా లావెక్కింది. డేల్, సంత రోజు మాల్కం నీతో ఎందుకు రాలేదు?"

"పొద్దున హారన్ కొట్టాను, బయటికి రాలేదు. అలిగాడనుకున్నాను. కంచె సంగతి తెలుసుగా మీకు." డేల్ దగ్గాడు. "సంతలో స్కాలప్ పై, ఆ ఆల్చిప్ప మాంసం కూరిన రొట్టె, కొన్నాను, అతనికీ ఒకటి కొన్నాను. అది కనబడితే అలక ఉండదు అతనికి. తెస్తున్నానని అక్కణ్ణుంచే ఫోన్ చేశాను."

"ఎప్పుడు?"

"ఆబోతుల వేలం మొదలవకముందు. మధ్యాహ్నం ఒంటిగంట అయ్యుంటుంది."

"మాల్కం ఏమన్నాడు?"

"మాల్కం ఎత్తలేదు. ఒంట్లో బాలేక పడుకున్నాడు, లేపొద్దు అన్నారు. అందుకేగా సాయంత్రం పోయినా తలుపు కొట్టకుండా, ఆ రొట్టె గుమ్మంలో పెట్టి వచ్చేశాను. పొగ వాసనేదో వచ్చింది కాని చలికాలంలో ఇక్కడ అది కొత్తేముంది. నిద్రపోతున్నాడు కదా అని రాసిచ్చానుగా ఈయనకి."

రాడ్నీ చేతిలో తాళాల గుత్తి చప్పుడు ఆగింది. రాసిచ్చిన మాటే. నిద్రపోతున్నాడు కదా అని. ఆ వాక్యాన్ని ఇద్దరూ ఎన్నిసార్లు చదివారో. వట్టి సాకు అనుకున్నాడు ఒకడు. పిచ్చి మాట అనుకున్నాడు ఇంకొకడు.

"ఎవరన్నారు?" మెర్విన్ మెల్లగా అడిగాడు. "ఫోన్ ఎత్తిందెవరు డేల్?"

"కెంబర్. ఇంకెవరు? పొలంలో యూరియా చల్లొద్దని నా గుమ్మంలో గంటల తరబడి వాదించిన గొంతు. ఫోన్‌లో గుర్తుపట్టనా? ఆ రోజు మాత్రం చాలా మర్యాదగా మాట్లాడాడు." డేల్ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. "ఏం, మీకు చెప్పలేదా ఆయన?"

ఆ రోజు మధ్యాహ్నం రెండు దాటేదాకా హోబార్ట్‌లోనే ఉన్నాననీ, వస్తూ వస్తూ దారిలో డేల్ బండి చూశాననీ కెంబర్ ప్రమాణం చేసి చెప్పాడు. ఆ కాగితం మీద సంతకం పెట్టించుకున్నది రాడ్నీయే. అతని ముఖంలో రంగు పోయింది.

"ఆ పొట్లం నువ్వు తెచ్చేశావు," అన్నాడు. "అది లేదని అతనికి తెలుస్తుంది."

"తెలియడమేమిటి. చెప్పమని నేనే చెప్పి వచ్చాను."

రాడ్నీ బయటికి పరుగెత్తి బండి స్టార్ట్ చేశాడు. మెర్విన్ కానిస్టేబుల్ బల్ల మీది ఫోన్ అందుకుని కేంద్రం నంబరు కలిపాడు. మోగింది. మోగుతూనే ఉంది. ఆగిపోతుందనుకున్నప్పుడు బ్రైడీ ఎత్తింది.

"మెర్విన్ గారా? కెంబర్ గారు ఇప్పుడే వచ్చారు. పొట్లం ఏదని అడిగారు. మీరు చెప్పమన్నట్టే చెప్పాను."

"బ్రైడీ, నేనడిగినదానికి అవును, కాదు, అంతే చెప్పు. నీ కారు బయటికి తీయగలవా?"

అవతల కుర్చీ కిర్రుమంది; ఆమె కిటికీలోంచి చూడటానికి లేచినట్టుంది. ఆ అమ్మాయికి అర్థమైందని ఆయనకు అర్థమైంది.

"కాదు," అంది. "వెనక బండి ఉంది."

"మేం బయల్దేరాం. అతనితో మామూలుగా మాట్లాడుతూ ఉండు. టీ పెట్టు."

"అవును."

దూరంగా ఒక మగ గొంతు వినిపించింది. విసుగు లేదు, తొందర లేదు. "ఎవరమ్మా, మెర్విన్ గారా? అడిగానని చెప్పు." అడుగుల చప్పుడు గది దాటింది. "చలంతా లోపలికొస్తోంది. రాత్రికింక తలుపు వేసేస్తాను, ఏం?"

మెర్విన్ రిసీవరును చెవికి అదుముకున్నాడు. తలుపు పెద్ద చప్పుడు లేకుండా మూసుకుంది. ఆ తర్వాత, అంతే నెమ్మదిగా, లోపలి గడియ.